తువ్వాల కింది జంతువు

నేను కూర్చుని బొమ్మ వేసిన రోజు లేదు. కూర్చుంటే నాకు బొమ్మలు రావు, వాదనలు వస్తాయి. అందుకని ఒక అట్ట మీద కాగితం బిగించి, ఆ అట్టను ఎడమ మోచేతి మీద ఆనించుకుని ఇల్లంతా తిరుగుతూ వేస్తాను. వంటింట్లో మొదలుపెట్టిన ఏనుగుకు తొండం వసారాలో వస్తుంది. తోక వచ్చేసరికి పెరట్లో ఉంటాను. ఇది మా వదినకు బొత్తిగా నచ్చేది కాదు.

"ఒక్కతాన కూసోరాదమ్మా! కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతవ్. నిన్ను జూస్తే నా కండ్లు తిరుగుతున్నయి" అనేది.

"అయితే కండ్లు మూసుకో వదినా."

"నేను కండ్లు మూసుకుంటే పొయ్యి మీద పప్పును నీ ఏనుగు జూస్తదా?"

ఇలా రోజూ జరిగేది. వదినకు నా మీద కోపం లేదు. నాకు ఆమె మీద కోపం లేదు. ఇద్దరికీ నోరు ఊరుకోదు, అంతే.

ఆ ఇల్లు ఆర్మూరులో మా అన్నది. నాకు చిన్నప్పుడే పెళ్లి చేశారు, చిన్నప్పుడే అది ముగిసిపోయింది. మా మామగారు కాస్త కొత్త ఆలోచనల మనిషి. పిల్లను మూల కూర్చోబెట్టి ఏం సాధిస్తామని నన్ను మద్రాసు పంపించి కాలేజీ చదువు చదివించారు. ఆయన కాలం చేశాక పుట్టింటికి వచ్చేశాను. వస్తూ వస్తూ ఒక పట్టా తెచ్చుకున్నాను గానీ, దాన్ని ఆ ఊళ్లో ఎక్కడ పెట్టాలో నాకూ తెలియలేదు, ఊరికీ తెలియలేదు. మా అన్న గంజులో, అంటే ఊరి మార్కెట్లో, పసుపు అడ్తి వ్యాపారి. రైతు తెచ్చిన పసుపును తన దుకాణం ముందు పోయించి, అమ్మేవాడి తరఫున కొనేవాడితో బేరం ఆడటం ఆయన పని. ఆయన మాట తక్కువ మనిషి. మా ఇంట్లో మాటలన్నీ నా వాటాకే వచ్చాయని మా నాన్న అంటుండేవాడు.

పిల్లల పత్రికల్లో నా బొమ్మలు చూసినవాళ్లు ఇన్ని వింత జంతువులు నీకెక్కడ దొరుకుతాయమ్మా అని అడుగుతారు. ఏదో దివ్యమైన జవాబు చెబుతానని ఎదురుచూస్తారు. నేను పసుపు కుప్పలో దొరుకుతాయని చెబుతాను. నమ్మరు. పసుపు కొమ్మును చేతిలో పట్టుకుని ఎన్నడూ చూడనివాళ్లే నమ్మరు. ఒక కొమ్ముకు మూడు కాళ్లుంటాయి, ఇంకో కొమ్ముకు మూపురం ఉంటుంది, మరొకటి వీపు గోక్కుంటున్న ముసలాయనలాగా ఉంటుంది. చిన్నప్పుడు మాకు వేరే బొమ్మలెందుకు? కుప్పలోంచి ఏరుకునేవాళ్లం, ఆడుకునేవాళ్లం, మళ్లీ కుప్పలో వేసేవాళ్లం. ఎండాకాలంలో గంజు కుక్కలన్నీ పసుపుపచ్చగా ఉండేవి, ఎప్పుడు చూసినా తుమ్ముతుండేవి. ప్రపంచంలోని కుక్కలన్నీ ఎండాకాలంలో రంగు మారతాయని నేను చాలాకాలం అనుకున్నాను. మద్రాసులో మొదటి ఎండాకాలం తెల్ల కుక్క తెల్లగానే ఉండటం చూసి, ఆ ఊళ్లో ఏదో లోపం ఉందనుకున్నాను.

నీతులు చెప్పే నక్కలు, సింహాలు వేయమని అడిగేవాళ్లంటే నాకు పడదు. నక్కకు పిల్లల్ని బాగుచేయాలని ఏం పట్టింది? నా జంతువులు ఎవరినీ బాగుచేయవు. అవి తుమ్ముతాయి, అలుగుతాయి, ఒక్కోసారి దారి తప్పుతాయి.

అన్నిటికంటే పాత జంతువు మాత్రం కుప్పలో దొరికింది కాదు. దాన్ని తువ్వాల కింద చూశాను. చూశాను అనటం తప్పు. చూడనివ్వలేదు.

మా గంజులో బేరం నోటితో జరగదు. అడ్తిదారు, సరుకు కొనే ఖరీద్దారు పసుపు కుప్ప పక్కన ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి కుడిచేతుల మీద ఒక తువ్వాల కప్పుతారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, నొక్కి, వదిలి, ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎందరు నిలబడ్డా ఎవరికీ ఏమీ తెలియదు. ముఖాలు రాయిలా ఉంటాయి. ఒకరు ఆకాశం చూస్తుంటారు, ఇంకొకరు ఆవులిస్తుంటారు. తువ్వాల ఒక్కటే కదులుతుంటుంది.

ఆ కదలిక చూసే వయసుకు నేను మా నాన్న దుకాణం స్తంభమంత కూడా లేను. తువ్వాల ఉబ్బేది, అణిగేది. ఒక మూల ఎగిరేది, మళ్లీ మధ్యలో ఏదో గబగబా పరిగెత్తినట్టు ముడతలు పడేవి. అక్కడ ఏదో జంతువు ఉందని నాకు ఖాయమైపోయింది.

"నాయినా, గా గుడ్డ కింద ఏమున్నది?" అని అడిగాను.

"ఏం లేదు, ఇంట్లకు పో" అన్నాడు.

ఏం లేనిది అలా కదులుతుందా? బస్తాలు మోసే హమాలీని అడిగితే ముంగిస పిల్ల ఉందన్నాడు. మా నాయనమ్మ, అడిగిన పిల్లల్నే అది కరుస్తుందని చెప్పింది. ఏర్గట్ల నుంచి బండి కట్టుకొచ్చిన ఒక రైతును అడిగాను. ఆయన నా వైపు చూడలేదు. తువ్వాల మీదే చూపు పెట్టి, "నా ఏడాది కష్టమున్నది బిడ్డా దాని కింద, సప్పుడు జేయకు" అన్నాడు. ఆ తువ్వాల పరుచుకున్న తీరుకు ఏడాది కష్టం అందులో పట్టదనిపించింది. కాబట్టి ఆయన కూడా అబద్ధమే చెబుతున్నాడని తేల్చుకున్నాను.

పెద్దయ్యాక అక్కడ చేతులుంటాయని తెలిసింది. తెలిసింది గానీ, నమ్మకం మాత్రం కుదరలేదు. ఇప్పటికీ ఎక్కడైనా కప్పిన గుడ్డ కదిలితే నా కాలు ఆగిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. హైదరాబాదులో పిల్లల పత్రిక నడిపే ఒక సంపాదకుడు నా చేత చిన్న చిన్న బొమ్మలు వేయించుకునేవాడు. కథ అయిపోయాక ఖాళీ మిగిలితే అక్కడ ఒక ఉడుత, ఒక గొడుగు. బొమ్మ కింద నా పేరు వేసేవారు కాదు. ఖాళీకి పేరెందుకని ఆయన ఉద్దేశం కాబోలు. ఆ ఖాళీల్లోనే నాకు నలభై ఏళ్లు దాటాయి. చివరికి ఒకనాడు పట్టుబట్టి, పోట్లాడి, ఒక పూర్తి పుస్తకానికి ఒప్పించాను. కథ నాదే, బొమ్మలూ నావే, అట్ట మీద పేరూ నాదే. ఒక పిల్ల గంజంతా తిరిగి గుడ్డ కింద ఏముందని అడుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కో అబద్ధం చెబుతారు. పుటకొక అబద్ధం, దాని బొమ్మ.

"చివరి పుటలో తువ్వాల ఎత్తాల్సిందేనండీ" అన్నాడు సంపాదకుడు. ఆయనది గోదావరి వైపు ఊరు, ప్రతి మాటకూ ఒక 'అండీ' తగిలించేవాడు. "ఎత్తకపోతే పిల్లలు మోసపోయామనుకుంటారండీ."

"ఎత్తకుండా అచ్చు వేస్తే వాళ్లకంటే ముందు నేనే మిమ్మల్ని తిడతాను" అన్నాను.

"అయితే ఉగాదిలోపు ఇచ్చెయ్యండీ. యుద్ధం మూలాన కాగితం దొరకడం లేదు. మీ కోసం ఉన్న కాస్తా పక్కన పెట్టించాను. ఉగాది దాటితే అది క్యాలెండర్లవాళ్లు పట్టుకుపోతారు. ఇక నా వల్ల కాదండీ."

అలా ఒప్పుకుని ఇంటికొచ్చాను. అబద్ధాల పుటలన్నీ నల్ల సిరా గీతలతో చకచకా వచ్చేశాయి. అబద్ధాల బొమ్మలు వేయటం సులువు, అవి ఎలాగూ నిజం కానక్కర్లేదు. చివరి పుట దగ్గర నేను ఆగిపోయాను. తువ్వాల ఎత్తితే ఏముంది? నలభై ఏళ్లుగా నా తలలో కదులుతున్న జంతువుకు ముఖం లేదని అప్పుడు తెలిసింది.

ఇక నా తిరుగుడుకు అంతు లేకుండా పోయింది. ఇల్లు చాలక గంజుకు పోయేదాన్ని, గంజు చాలక ఊరవతల కళ్లాలకు పోయేదాన్ని. పెద్ద పెద్ద కడాయిల్లో పసుపు ఉడుకుతుంటే ఆవిరిలో నిలబడి గీసేదాన్ని, కాగితం మెత్తబడిపోయేది. సిద్ధుల గుట్ట రాళ్ల దగ్గరికి పోయేదాన్ని. రాళ్లన్నీ ఏదో ఒక జంతువు ముందే అయిపోయి ఉండేవి, నాకు మిగిల్చేవి కావు. ఇంటికొచ్చి చింపేదాన్ని. తినేటప్పుడు కూడా కంచం పక్కన అన్నం మెతుకులతో కాళ్లు పేర్చి చూసేదాన్ని.

చూపించటానికి నాకు ఒక్కరే ఉన్నారు. మా అన్న మనవరాలు, ఐదేళ్లది. నన్ను చిన్నవ్వా అనేది. నా నోరు ఇంట్లో ఎవరికైనా వచ్చిందంటే దానికే.

"గిది పిల్లి" అనేది.

"పిల్లి కాదే."

"మరి మీసాలెందుకు పెట్టినవ్?"

మీసాలు తీసేసి మళ్లీ చూపిస్తే, "ఇప్పుడు మీసాల్లేని పిల్లి" అనేది. రెక్కలు పెడితే కోడి అనేది. పొలుసులు వేస్తే మూతి తిప్పి, "చేపలు మన ఇంట్ల తినరు" అనేది. నేను కోప్పడితే, "నాకెందుకు సూపిచ్చినవ్ మరి?" అని నిలదీసేది. ఎవరికి చూపించినా ఆహా అంటారు. నాకు ఆహా అనేవాళ్లతో పని లేదు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. ఆ జంతువు పుట్టింది పసుపులో కదా, దానికి రంగు వేస్తే? యుద్ధం మూలాన రంగుల డబ్బాలు దొరకటం ఎప్పుడో మానేశాయి. నేను దీపం మసి, గోడలకు పూసే ఎర్రజాజు, బట్టలకు వేసే నీలిమందుతో నెట్టుకొస్తున్నాను. ఈసారి పసుపు తీసుకున్నాను. మంచి పాత కొమ్మును సానరాయి మీద అరగదీసి, తుమ్మ జిగురు కలిపి, కాగితం నిండా ఒక పెద్ద మెత్తని జంతువును పూశాను. దాని ఒంటి మీదే సన్నని సిరా గీతలతో కళ్లు, ముడతలు, నవ్వు. తువ్వాల మూల ఒకటి దాని చెవికి వేలాడుతుంటుంది. కాగితం వెలిగిపోయింది. అచ్చులో రంగు రాదని నాకు తెలుసు, ఒక్క నలుపు సిరానే. కానీ పసుపు అన్ని రంగుల్లోకీ తేలికైనది కదా, అది పలచని బూడిద నీడలా పడుతుందని, మధ్యలో ముఖం మెరుస్తుందని లెక్క వేసుకున్నాను. పిల్ల కూడా చూసి, ఇది పిల్లి అనలేదు. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను మెప్పు కింద జమకట్టాను.

బొమ్మలన్నీ గుడ్డలో చుట్టుకుని, బొగ్గుతో నడిచే బస్సులో నిజామాబాదు దాకా, అక్కడి నుంచి రైల్లో హైదరాబాదు పోయాను. ఒక్కదానివే పోతావా అని మా అన్న గొణిగాడు. రైలు నన్నేం చేస్తుంది, నేనే దాన్ని ఏమైనా చేయాలి అన్నాను. బొమ్మలు ప్రెస్సులో ఇచ్చి, బంధువుల ఇంట్లో దిగి, బ్లాకులు తయారయ్యాయని కబురు రాగానే పరుగెత్తాను.

బొమ్మను కెమెరాతో తీసి, అచ్చుకు లోహపు బ్లాకులు చేసే ఆయన గడ్డం నెరిసిన మనిషి. దక్కన్‌లో తనంత పనివాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు, అడగకపోయినా. నమూనా అచ్చులు బల్ల మీద పరిచాడు. అబద్ధాలన్నీ చక్కగా వచ్చాయి. చివరి పుటలో నా జంతువు లేదు. దాని చోట కారునల్లని ముద్ద ఒకటి ఉంది. కళ్లు లేవు, నవ్వు లేదు. చెవికి వేలాడే తువ్వాల మూల ఒక్కటి తెల్లగా మిగిలింది.

"ఇదేంటి?" అన్నాను.

"మీరు గీసిందేనమ్మా."

"నేను గీసింది పసుపు."

"పసుపంటే కెమెరాకు చీకటి. ఎరుపన్నా చీకటే. నీలం ఏసిన్రనుకో, అసలే కనవడది, తెల్లగ పోతది. దాని మిజాజు గంతే."

"దాని మిజాజు అంత గుడ్డిదైతే దాన్నెందుకు పెట్టుకున్నారు?"

"గుడ్డిది కాదమ్మా! ఇరవై ఏండ్ల సంది నా కడుపు నింపుతున్నది!"

"నల్లగా పడుతుందని తెలిసి అచ్చెందుకు కొట్టారు? నన్నొక మాట అడగటానికి నోరు రాలేదా?"

ఆయన అచ్చును నా వైపు తిప్పాడు. "గుడ్డ కింద చీకటుంటది గద. మీరు చీకటే గీసిన్రనుకున్న" అన్నాడు. మా ఊళ్లో పసుపును చీకటి అంటే తన్ని తరుముతారు. పసుపు రాస్తే ముఖం వెలుగుతుంది, గడప వెలుగుతుంది. పసుపుతో పుట్టి పెరిగిన మనిషికి తప్ప ఇంకెవరికీ ఈ పొరపాటు జరగదని నాకూ అర్థమైంది. అది ఆయనకు చెప్పటం ఇష్టం లేక, జిగురు బాగాలేదేమో అన్నాను.

ఈలోగా సంపాదకుడు వచ్చాడు. నల్లముద్దను చూశాడు, కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"అద్భుతమండీ! ఏముందో పిల్లలే ఊహించుకుంటారు. ఇదే ఉంచేద్దామండీ."

"తువ్వాల ఎత్తాల్సిందేనని ఎవరన్నారు?"

"ఎత్తారు కదండీ, చీకటి కనిపించింది. పైగా బ్లాకు తయారైపోయింది. కాగితం సిద్ధంగా ఉంది. రేపే అచ్చు వేయించేస్తాను. అట్ట మీద మీ పేరు పెద్దక్షరాల్లో."

నిజం చెప్పాలంటే అవునన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్లు దాటిన మనిషిని, ఉన్నది ఒక్క పుస్తకం. తల ఊపితే చాలు. కానీ ఆ ముద్దను చూస్తుంటే మా నాన్న 'ఏం లేదు, ఇంట్లకు పో' అన్నట్టే ఉంది. అడిగిన ప్రతి పిల్లకూ పెద్దవాళ్లు ఇదే చూపించారు. వాళ్ల తరఫున నేనూ ఒక మూత వేసి, పైన నా పేరు రాసుకోనా?

"వద్దు. ఇది నేను వేసిన బొమ్మ కాదు. వేరేది తెస్తాను" అన్నాను.

"ఉగాది ఎంతో దూరం లేదండీ."

"నాకూ పంచాంగం ఉంది."

"రాకపోతే కాగితం పోతుందండీ. తర్వాత నన్ననకండి."

"మిమ్మల్ని కాక ఇంకెవర్నంటాను?" అని బయటికి వచ్చేశాను. ఆ నల్ల అచ్చును మాత్రం వెంట తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చిన ఆ నల్ల అచ్చును మనవరాలు చూసి చప్పట్లు కొట్టింది. "ఇది మస్తున్నది చిన్నవ్వా! లోపట్నే దాక్కున్నది!"

దాని మీద నాకు మొదటిసారి నిజమైన కోపం వచ్చింది. సంపాదకుడు ఒకపక్క, కెమెరా ఒకపక్క, చివరికి ఇదీ అటేనా? కానీ కాసేపటికి అదే వచ్చి కాగితాన్ని గోటితో గీరుతూ కూర్చుంది. "ఏం చేస్తున్నవే?" అంటే, "లోపల ఏమున్నదో సూస్తున్న" అంది. నలుపు చిరిగింది, కింద తెల్ల కాగితం వచ్చింది. దాని ముఖం చిన్నబోయింది. ఇక నాకు ఎవరి అభిప్రాయంతోనూ పని లేకపోయింది.

ఆ సాయంత్రం మా అన్న అన్నం తింటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, తువ్వాల కింద నా చెయ్యి పట్టు."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "ఏందీ?"

"బేరం జేసినట్టు. ఒక్కసారి."

"పిచ్చి లేసిందా? ఆడోళ్లు తువ్వాల కింద చెయ్యి పెడ్తరా? గంజుల తెలిస్తే మొఖం మీద నవ్వుతరు."

"గంజుకు ఎవరు రమ్మన్నరు? ఇంట్లనే పట్టు."

"గది దందా గుట్టు. మన నాయిన నాకే ఊకె చెప్పలే."

"నీ గుట్టు నాకెందుకు? మీ లెక్కలు నాకొద్దు. నాకు జంతువు కావాలె."

"ఏం జంతువు?"

వదిన మజ్జిగ పోస్తూ, "గా గుడ్డ కింద జంతువున్నదట. మీ చెల్లె చిన్నప్పటి సంది దాని కోసం తిరుగుతున్నది. జర దొరికితే పట్టియ్యి, ఇంట్ల తిరుగుడన్న బందయితది" అంది. ఆయన నవ్వలేదు. చేయి కడుక్కుని పోయాడు.

ఉగాది ముందు రోజులు గడిచిపోతున్నాయి. నేను మళ్లీ గీస్తున్నాను, చింపుతున్నాను. క్యాలెండర్లవాళ్లు నా కాగితం మీద దేవుళ్ల బొమ్మలు అచ్చు వేసుకుంటున్నట్టు పగలే కనిపించేది. అన్నను అడగటం మానేశాను. మానేశానంటే, నోటితో మానేశాను. ఆయన దుకాణానికి పోయేటప్పుడు గడపలో, వచ్చేటప్పుడు గడపలో నిలబడేదాన్ని.

ఉగాది ఇంకా నాలుగు రోజులే ఉందనగా శుక్రవారం వచ్చింది. ఆ రోజు గంజు బంద్. మధ్యాహ్నం భోజనమయ్యాక అన్న వసారాలో చాప మీద కూర్చున్నాడు. వదిన ఓ పక్కన చేటలో బియ్యం ఏరుతోంది. నేను అట్ట పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆయన గొంతు సవరించుకుని, భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు.

"దా."

"ఏడికి?"

"ఈడికే. కూసో."

"నిలబడే పెడ్త."

"కూసోకపోతే బేరం కాదు."

కూర్చున్నాను. తువ్వాల కింద చెయ్యి పెట్టాను. మా అన్న చెయ్యి నేను ముట్టుకుని ఎన్నేళ్లయిందో లెక్క లేదు. చిన్నప్పుడు గుట్ట ఎక్కేటప్పుడు నన్ను లాక్కుపోయిన చెయ్యి అది. ఇప్పుడు గరుకుగా ఉంది, గోళ్ల సందుల్లో పసుపు పేరుకుని పొలుసులు కట్టింది. అది నా చూపుడువేలు పట్టుకుంది, నొక్కింది, వదిలింది. రెండు వేళ్లు కలిపి పట్టుకుంది. నడిమి కణుపు మీద బొటనవేలితో తట్టింది.

"ఏమంటున్నవ్?" అన్నాను.

"నోరు మూస్కో. నోరు తెరిస్తే బేరం పోయినట్టే."

ఆయన నా వైపు చూడటం లేదు. గోడ మీది కాకిని చూస్తున్నాడు. ముఖంలో ఏమీ లేదు. కాలేజీ వాదపోటీల్లో నెగ్గిన నా నోరు ఆ తువ్వాల ముందు ఎందుకూ పనికిరాకుండా పోయింది. కోపం వచ్చి ఒక వేలు లాక్కున్నాను. ఆయన చెయ్యి వెంటబడలేదు, ఆగింది. తర్వాత గోటితో నా అరచేతిని మెల్లగా గీకింది, బతిమాలినట్టు. నేను వేలు ఇచ్చాను. గట్టిగా పట్టుకోగానే మళ్లీ లాక్కున్నాను. ఈసారి నేనే ఆయన చిటికెనవేలు పట్టుకుని మెలిపెట్టాను. అది జారిపోయి, తిరిగొచ్చి, నా మణికట్టు దగ్గర ఇంకో దారిలో దూరింది. లోపల వేడి. తువ్వాలలోంచి లేచిన పసుపు గొంతులో గరగరమంటోంది. లాగటం, తోయటం, అలగటం, దువ్వటం ఎడతెగకుండా సాగాయి. ఒక చోట నా వేలు ఏదో, ఆయన వేలు ఏదో నాకు తెలియలేదు. అన్ని కాళ్లూ కలిసి ఏదో ఒకటి అక్కడ మెసులుతోంది. అది ఆయనదీ కాదు, నాదీ కాదు. దానికి కళ్లు లేవు, వాటితో దానికి పనీ లేదు.

అది ఉంది. మా నాన్న దుకాణం స్తంభం పక్కన నిలబడి చిన్నప్పుడు నేను అనుకున్నది నిజం.

ఉన్నట్టుండి ఆయన నా చెయ్యి మొత్తాన్ని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేశాడు.

"గదేం గుర్తు?" అని అడిగాను.

"ఏది?"

"చివరికి పట్టుకున్నది."

"గది గుర్తు కాదు" అంటూ తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు.

వదిన చేట పక్కన పెట్టి, "ఎవరు గెలిచిన్రు?" అంది.

"నీ ఆడిబిడ్డనే. పుట్టినకాడి నుంచి మొదటిసారి నోరు మూసుకున్నది."

నేను అప్పటికే లేచి అట్ట అందుకున్నాను. వసారాలో మొదలుపెట్టిన బొమ్మ పెరటి గుమ్మం చేరేలోపు అయిపోయింది. రంగు లేదు, ఉత్త నల్ల సిరా గీత. దానికి పది కాళ్లు. ఐదు ఇటు లాగుతాయి, ఐదు అటు లాగుతాయి. ఒక కాలు అలిగి ముడుచుకుంది, ఒకటి దాన్ని గోటితో గోకి బతిమాలుతోంది, రెండు మెలిపడి ఏది ఎవరిదో తేల్చుకోలేక కొట్లాడుకుంటున్నాయి. తలకాయ లేదు. మధ్యలో ఉన్న ఒళ్లు, రెండు పక్కలా ఒకేసారి పోవాలనుకునే మెత్తని ముద్ద. ఎత్తిన తువ్వాల పైన ఎగురుతోంది. తువ్వాలకు అటు ఒకరు, ఇటు ఒకరు, ఏమీ తెలియని ముఖాలతో కాకిని చూస్తున్నారు.

మనవరాలు చాలాసేపు చూసింది. "కొట్లాడుతున్నదా?"

"ఆ."

"ఎవరితోటి?"

"దానితోటే."

అది పకపకా నవ్వి, ఉతికిన బట్టల్లోంచి వదిన చీర కొంగు లాక్కొచ్చి, తన చెయ్యి కప్పుకుని మా అందరి ముందూ నిలబడింది. ఇది పిల్లి అనలేదు.

మర్నాడే బస్సెక్కాను. దారిలో బొగ్గు చాలక బస్సు ఆగితే దిగి రోడ్డు మీద పచార్లు చేశాను, డ్రైవరు నన్ను చూసి భయపడ్డాడు. బ్లాకులాయన బొమ్మను వెలుతురుకు పట్టి చూసి, "పసుపు లేదు గద?" అని అడిగాడు. "వాసన చూసుకోండి" అన్నాను. సంపాదకుడికి తల లేని జంతువు మొదట మింగుడుపడలేదు.

"దీనికి ముఖం ఏదండీ?"

"పట్టుకుని చూడండి, తెలుస్తుంది" అని బల్ల మీదున్న ఆయన కండువానే తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన అంత దూరం వెళ్లలేదు. క్యాలెండర్లవాళ్ల మనిషి అప్పటికే వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. సంపాదకుడు ఆ మనిషిని చూసి, నన్ను చూసి, బొమ్మను లోపలికి పంపించాడు.

ఉగాది దాటిన కొన్నాళ్లకు పుస్తకాల కట్ట ఆర్మూరు చేరింది. అట్ట మీద నా పేరు ఉంది, అనుకున్నంత పెద్దగా కాదు. వదిన దాన్ని పసుపు చేతులతోనే పట్టుకుని, పేరు మీద వేలి ముద్ర వేసింది. మా అన్న దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అద్దాలు పెట్టుకుని, అబద్ధాలన్నీ ఒక్కొక్కటే తిప్పాడు. ఏర్గట్ల రైతు ఉన్న పుట దగ్గర కొంచెం ఆగాడు. చివరి పుట వచ్చింది. ఒకసారి తన కుడిచేతిని పుస్తకం పక్కన పెట్టి చూసుకున్నాడు. నేను ఎదురుగా అటూ ఇటూ తిరుగుతున్నాను.

"నా బొటనవేలు గింత లావున్నదా?" అన్నాడు.

"లోపల గంతే ఉన్నది."

"ఉండదు."

"ఉన్నది. నేను పట్టుకున్న గద."

ఆయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు. తువ్వాల తీసి చేతి మీద కప్పుకున్నాడు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.